1971 వోక్స్‌వాగన్ వ్యానుకు వీడీవో ఆయిల్ ఉష్ణోగ్రత గేజి: ఒక ఏడాది వాడకం తరువాత

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో, మా ఇంటి గ్యారేజీలో, మూడేళ్ళ పాటు విప్పి, కడిగి, రంగు వేసి, తిరిగి బిగించుకుంటూ వచ్చిన 1971 మోడల్ వోక్స్‌వాగన్ టైప్ 2 వ్యాను కిందటి వేసవిలో రోడ్డెక్కింది. ఆ పనిలో చివరగా అమర్చినవాటిలో వీడీవో సంస్థ తయారుచేసిన ఆయిల్ ఉష్ణోగ్రత గేజి, దానికి జతగా వచ్చే సెన్సర్ ఉన్నాయి. ఏడాది వాడిన తరువాత రాస్తున్న సమీక్ష ఇది. గేజి గురించి చెప్పవలసింది తక్కువ, అది బాగుంది. సెన్సర్‌ను ఎక్కడ పెట్టాలి, బిగించే ముందు ఎలా పరీక్షించాలి, దాని ఎర్త్ (కరెంటు బండి లోహం గుండా బ్యాటరీకి తిరిగి వెళ్ళే దారి) ఎలా కుదరాలి అన్నవాటి గురించి మాత్రం చాలా చెప్పాలి. గేజి చేతికి రాగానే బిగించేసి, ముల్లు కదలగానే పని అయిపోయిందనుకునేవారిని నేను చాలామందిని చూశాను. మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను.

ఈ వ్యానుకు ఇలాంటి గేజి ఎందుకు కావాలో ముందు చెప్పడం అవసరం. 1971 టైప్ 2లో ఉన్నది 1584 సీసీ, నాలుగు సిలిండర్ల, గాలితో చల్లబడే ఇంజిన్. దానికి రేడియేటర్ లేదు, నీళ్ళు లేవు, కాబట్టి మనందరికీ అలవాటైన నీటి ఉష్ణోగ్రత ముల్లు కూడా లేదు. క్రాంకు నుంచి బెల్టు తిప్పే ఫ్యాను విసిరే గాలి సిలిండర్లను, హెడ్లను చల్లబరుస్తుంది. బేరింగుల దగ్గర, పిస్టన్ల అడుగున పుట్టే వేడిని ఆయిలే మోసుకుపోయి చిన్న కూలరులో వదులుతుంది. ఇంత పని చేసే ఆయిలు మొత్తం రెండున్నర లీటర్లు మాత్రమే. కంపెనీ ఇచ్చిన డాష్‌బోర్డులో ఆయిలుకు సంబంధించి ఒకే ఒక్క హెచ్చరిక దీపం ఉంది, అదీ ప్రెషరుకు. ప్రెషరు దాదాపు పూర్తిగా పడిపోయేదాకా అది వెలగదు. ఆయిలు వేడెక్కి పలచబడడం, బేరింగుల మీద పొర తెగడం, అరుగుదల మొదలవడం అన్నీ ఆ దీపం వెలిగే లోపే జరిగిపోతాయి. సంపులో, అంటే ఇంజిన్ అడుగున ఆయిలు చేరే తొట్టిలో, ఆయిలు 80 నుంచి 100 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు, 110 దగ్గర జాగ్రత్త పడాలి, 120 దాటితే బండిని నెమ్మదింపజేయాలి లేదా పక్కకు ఆపాలి అని ఈ ఇంజిన్లతో ఏళ్ళ తరబడి పనిచేసినవారు చెప్పే మాట. ఈ అంకెలు తెలియకుండా కొండ ఎక్కడం నాకు ఇష్టం లేకపోయింది. ఇంజిన్ కేసు మెగ్నీషియం మిశ్రమ లోహం, ఒకసారి చెడితే అలాంటిది మళ్ళీ దొరకడం కష్టం.

నేను తీసుకున్నది 52 మిల్లీమీటర్ల గుండ్రటి గేజి. కొలత 50 నుంచి 150 డిగ్రీల సెల్సియస్ వరకు ఉంటుంది, 12 వోల్టుల మీద పనిచేస్తుంది. అమెరికాలో ఫారన్‌హీట్ గేజిలే ఎక్కువగా అమ్ముతారు. నేను సెల్సియస్‌ది కోరి తెప్పించుకున్నాను, ఎందుకంటే నీళ్ళు 100 దగ్గర మరుగుతాయని చిన్నప్పుడు బడిలో నేర్చుకున్న లెక్కలోనే నా మనసు ఇప్పటికీ వేడిని అంచనా వేస్తుంది, అత్యవసరంలో మారకం లెక్క వేసుకునే వ్యవధి ఉండదు. వీడీవో ఈ బండికి పరాయిది కాదు. వోక్స్‌వాగన్ ఆ కాలంలో వాడిన స్పీడోమీటర్లు వీడీవో చేసినవే. అందువల్ల నల్లని పళ్ళెం మీద తెల్లని అంకెలు ఉన్న ఈ గేజి డాష్‌బోర్డులో ఎబ్బెట్టుగా కనిపించదు. యాభై ఏళ్ళు నిలిచిన డాష్‌బోర్డుకు రంధ్రం చేయడానికి నాకు చేతులు రాలేదు, కాబట్టి కింద అంచుకు ఒక చిన్న బ్రాకెట్టు బిగించి, దానికి గిన్నె లాంటి తొడుగు పెట్టి, అందులో గేజిని కూర్చోబెట్టాను. రేపు ఎవరైనా తీసివేయాలనుకుంటే రెండు స్క్రూలు విప్పితే చాలు.

వీడీవో జతకు ముందు నేను ఇంకొకటి కొన్నాను. ఇంటర్నెట్‌లో ఒక దుకాణం, గేజి, సెన్సర్ కలిపి సగం ధరకు ఇస్తానంటే తెప్పించాను. ఇక్కడే ఉండే తెలుగు మిత్రులొకరు, వృత్తిరీత్యా ఎలక్ట్రికల్ ఇంజినీరు, అది చూసి, "ముందు దాన్ని నీళ్ళలో మరిగించి చూడండి అన్నయ్యా, బండికి ఎక్కించాక తప్పు ఎక్కడుందో పట్టుకోవడం కష్టం" అన్నారు. పాత స్టీలు గిన్నెలో నీళ్ళు మరిగించి, సెన్సర్ కొనను అందులో వేలాడదీసి, గేజిని బ్యాటరీకి కలిపి చూశాం. ఫ్రీమాంట్ సముద్రమట్టానికి దగ్గరగానే ఉంది కాబట్టి నీళ్ళు 100 డిగ్రీల దగ్గరే మరగాలి. ముల్లు మాత్రం దాదాపు 118 చూపించింది. ముందు గేజి పాడైందనుకున్నాను. మల్టీమీటరుతో సెన్సర్ నిరోధం కొలిచాక అసలు సంగతి బయటపడింది.

ఈ సెన్సర్లలో ఉండేది వేడి పెరిగేకొద్దీ నిరోధం తగ్గే పదార్థం. వీడీవో పద్ధతిలో రెండు రకాల సెన్సర్లు వాడుకలో ఉన్నాయి, ఒకటి 120 డిగ్రీల వరకు కొలిచే గేజికి, రెండోది 150 డిగ్రీల వరకు కొలిచే గేజికి. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, థ్రెడ్డు (బిగించే మర) కూడా ఒకటే కావచ్చు. 100 డిగ్రీల దగ్గర 150 రకం సుమారు 62 ఓములు చూపితే, 120 రకం సుమారు 38 ఓములే చూపుతుంది. 150 గేజి దృష్టిలో 38 ఓములంటే 118 డిగ్రీలు. నాకు వచ్చిన జతలో గేజి ఒక రకం, సెన్సర్ ఇంకొక రకం. ఆ రెండూ పాడైనవి కావు, పొరపాటున జత కలిసినవి. దుకాణం వారు డబ్బు వెనక్కి ఇచ్చారు, కాని ఎక్కడా రకం రాయకుండా అమ్ముతున్న ఆ పద్ధతి మార్చుకోలేదు. అలాంటి జత బండిలో ఉంటే నేను బాగున్న ఇంజిన్‌ను చెడిందనుకుని విప్పేసి ఉండేవాణ్ణి. జత అటుఇటుగా తారుమారైతే, అంటే 120 గేజికి 150 సెన్సర్ తగిలిస్తే, నిజంగా కాగిపోతున్న ఇంజిన్ చల్లగా ఉన్నట్టు కనిపిస్తుంది. అది ఇంకా ప్రమాదం.

వీడీవో జతను అదే గిన్నెలో అదే విధంగా పరీక్షించాం. సెన్సర్ 62 ఓములకు ఒకటి అటుఇటుగా నిలిచింది, ముల్లు 100 గీత మీద, చూపుకు అందనంత తేడాతో, ఆగింది. గేజిని విడిగా పరీక్షించడానికి ఇంకొక సులువైన దారి ఉంది. ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణంలో 62 ఓముల రెసిస్టరు ఒకటి, 36 ఓములది ఒకటి కొని సెన్సర్ స్థానంలో కలిపితే ముల్లు మొదటిదానికి 100 దగ్గర, రెండోదానికి 120 దగ్గర నిలవాలి. కొన్ని సెంట్ల ఖర్చుతో అయ్యే ఈ పరీక్ష కోసం ఆ రెండు రెసిస్టర్లను ఇప్పటికీ బండిలోని పెట్టెలో ఉంచాను.

ఇక సెన్సర్ చోటు. ఈ ఇంజిన్‌లో ఆయిల్ ఉష్ణోగ్రత సెన్సర్ కోసం కంపెనీ ప్రత్యేకంగా రంధ్రం ఇవ్వలేదు, కాబట్టి ఉన్నవాటిలోనే ఒకటి ఎంచుకోవాలి. అందరికీ ముందుగా తోచేది డిస్ట్రిబ్యూటరు పక్కన, ఆ హెచ్చరిక దీపాన్ని వెలిగించే ప్రెషర్ స్విచ్చి ఉన్న రంధ్రం. అక్కడ మూడు దారుల జోడింపు ముక్క పెట్టి స్విచ్చినీ సెన్సర్‌నూ కలిపి బిగిస్తారు. చేతికి అందే చోటు, పని పది నిమిషాలు. కాని ఆ సందులోకి వెళ్ళిన ఆయిలు అక్కడే నిలిచిపోతుంది, ప్రవహించదు. ప్రెషరు ఎక్కడైనా ఒకటే కాబట్టి స్విచ్చికి అది సరిపోతుంది, ఉష్ణోగ్రతకు సరిపోదు. నిలిచిన ఆయిలు చుట్టూ ఉన్న గాలికి చల్లబడి, అసలు కన్నా తక్కువ చూపుతుంది. ఇంజిన్ అడుగున ఉన్న, ప్రెషరు మరీ పెరిగితే తెరుచుకునే రిలీఫ్ వాల్వు మూతను సెన్సర్‌గా మార్చే పద్ధతి కూడా ఉంది. ఇంజిన్ వేడెక్కి ప్రెషరు తగ్గాక ఆ వాల్వు మూసుకునే ఉంటుంది, కాబట్టి మనకు కొలత ఎప్పుడు ఎక్కువ అవసరమో అప్పుడే ఆ మూల ఆయిలు కదలదు. డిప్‌స్టిక్ (ఆయిలు మట్టం చూసే పుల్ల) స్థానంలో దూర్చే పొడవాటి సెన్సర్ మూడోది. ఇంజిన్‌కు ఏ మార్పూ చేయనవసరం లేదు కాబట్టి అది నాకు కొంత నచ్చింది. అయితే ఆయిలు మట్టం చూసిన ప్రతిసారీ వైరుతో సహా దాన్ని బయటికి లాగాలి, గొట్టంలో వదులుగా కూర్చునే పుల్లకు ఎర్త్ నమ్మకంగా కుదరదు. ఈ బండికి ఆయిలు మట్టం వారానికి ఒకసారైనా చూడాలి కనుక అది వద్దనుకున్నాను.

నేను ఎంచుకున్నది సంప్ ప్లేటు (సంపు అడుగు మూత) మధ్యలో ఉన్న డ్రెయిన్ ప్లగ్ రంధ్రం, అంటే ఆయిలు వదిలే రంధ్రం. బేరింగులను, హెడ్లను తడిపి వచ్చిన ఆయిలంతా కలిసేది సంపులోనే. పంపు దాన్ని పీల్చి కూలరుకు పంపేది ఆ తరువాతే. అంటే అక్కడ కొలిచేది చల్లబడక ముందున్న ఆయిలు, కదులుతున్న ఆయిలు, ఇంజిన్ మొత్తం కలగలిసిన ఆయిలు. ఆ రంధ్రానికి 14 మిల్లీమీటర్ల, 1.5 పిచ్ థ్రెడ్డు ఉంటుంది, సరిగ్గా అదే థ్రెడ్డుతో 150 రకం సెన్సర్ దొరుకుతుంది. ఇందులోనూ లోటు ఉంది. సెన్సర్ తల, వైరు కొన కలిపి ప్లేటు కన్నా సుమారు మూడు సెంటీమీటర్లు కిందికి వేలాడతాయి, ఎగిరివచ్చే రాయి తగలవచ్చు. నగరంలో, తారు రోడ్ల మీద తిరిగే బండికి ఇది ఫరవాలేదు. మట్టి దారుల్లో కొండలెక్కే ఉద్దేశం ఉన్నవారికి నేను ఈ చోటు చెప్పను. వారు ప్లేటు పక్కవాలున థ్రెడ్డున్న ముక్క వెల్డింగు చేయించి సెన్సర్‌ను అడ్డంగా అమర్చుకోవడం మంచిది.

సెన్సర్ కొన లోపలికి ఎంత పొడుచుకు వస్తుందో కూడా చూసుకోవాలి. ప్లేటుకు పైనే ఆయిల్ జల్లెడ ఉంటుంది, దాని మధ్యలోకి పంపు పీల్చే గొట్టం దిగుతుంది. కొన జల్లెడను నొక్కితే జాలి చిరుగుతుంది. ఇంట్లోంచి చపాతీ పిండి చిన్న ముద్ద తెచ్చి సెన్సర్ కొనకు అంటించి, పాత గ్యాస్కెట్లతోనే ప్లేటు బిగించి, మళ్ళీ విప్పి చూశాను. పిండి నలిగి ఆరు మిల్లీమీటర్ల మందం మిగిలింది. ఆ ఖాళీ చాలు. ఆ తరువాత అంతా శుభ్రంగా తుడిచి, కొత్త గ్యాస్కెట్లు రెండూ, ఆరు రాగి వాషర్లూ వేసి బిగించాను. ప్లేటు నట్లు ఆరింటికి 7 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. చేతి బలంతో ఇంకొంచెం తిప్పితే మెగ్నీషియం కేసులోంచి స్టడ్డు (నట్టు ఎక్కే మర కడ్డీ) ఊడి చేతికి వస్తుంది. బిగువును కొలిచి చూపే టార్క్ రెంచి లేకుండా ఈ పనికి పూనుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది ఎర్త్. ఈ సెన్సర్‌కు వైరు ఒకటే. రెండో దారి దాని ఒంటి గుండా, ప్లేటు గుండా, ఇంజిన్ కేసు గుండా వెళ్ళాలి. పునరుద్ధరణ ఉత్సాహంలో నేను సంప్ ప్లేటుకు పౌడర్ కోటింగు (పొడి రంగును వేడితో అంటించే పూత) చేయించాను. అందంగా వచ్చింది, విద్యుత్తును మాత్రం పూర్తిగా అడ్డుకుంది. పైగా ప్లేటుకు, కేసుకు మధ్య కాగితపు గ్యాస్కెట్లు ఉంటాయి, కాబట్టి కరెంటు వెళ్ళే దారి ఆ ఆరు నట్లు, స్టడ్లే. మొదటి రోజు ఇంజిన్ ఎంత తిరిగినా ముల్లు 50 దగ్గరి నుంచి కదలలేదు. ఆ రోజే తప్పు తెలిసింది కాబట్టి సరిపోయింది. కోటింగు సగం గీకుపడి, ఎర్త్ అరకొరగా తగిలి ఉంటే, ముల్లు కదిలేది, కాని అబద్ధం చెప్పేది. దారిలో 20 ఓముల అడ్డు అదనంగా చేరిందనుకుంటే, నిజంగా 120 డిగ్రీలున్న ఆయిలును గేజి 103గా చూపుతుంది. సెన్సర్ వాషరు కూర్చునే చోట, నట్లు తగిలే ఆరు చోట్ల కోటింగు గీకి, లోహం మెరిసేదాకా తుడిచి, మల్టీమీటరుతో సెన్సర్ ఒంటికీ బ్యాటరీ మైనస్‌కూ మధ్య నిరోధం ఒక ఓముకు లోపు వచ్చేదాకా వదలలేదు. ఇంజిన్, గేరుబాక్సు రబ్బరు మీద కూర్చుంటాయి కాబట్టి, గేరుబాక్సుకూ బాడీకీ మధ్య ఉండే అల్లిక ఎర్త్ పట్టీ కూడా గట్టిగా ఉండాలి. రంగు వేసిన తరువాత దాని కిందా గీకడం మరిచిపోయేవారు ఎక్కువ. థ్రెడ్డుకు టెఫ్లాన్ టేపు చుట్టకూడదు. కారకుండా ఆపేది వాషరు, టేపు ఎర్త్‌ను చెడగొడుతుంది.

వైరింగు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. వెనక నుంచి ముందుకు ఆరు మీటర్ల పైన, ఒక చదరపు మిల్లీమీటరు మందం గల వైరు వేశాను. అంత పొడవుకు వైరు సొంత నిరోధం ఓములో పదో వంతు మాత్రమే కాబట్టి కొలతకు అది లెక్కలోది కాదు. ఎగ్జాస్టుకు దూరంగా, పాత వైర్ల కట్ట వెంబడి, కొత్త తొడుగులో నడిపించి, ఇగ్నిషన్ తాళంతో కరెంటు వచ్చే చోటి నుంచి విడి ఫ్యూజుతో గేజికి ఇచ్చాను. లోపలి చిన్న బల్బును డాష్‌బోర్డు దీపాలకు కలిపాను. రాత్రి వెలుతురు తగినంతగా, కంటికి ఇబ్బంది లేకుండా ఉంది. వైరు తెగితే ముల్లు చల్లటి వైపు పడిపోతుందని, వైరు ఎక్కడైనా బాడీకి తగిలితే వేడి చివరకు కొట్టుకుంటుందని గుర్తుంచుకోవాలి. బండి కాసేపు నడిచాక కూడా ముల్లు అడుగునే ఉంటే ఇంజిన్ చల్లగా ఉందని సంబరపడకుండా వైరు చూసుకోవడం మంచిది.

రోడ్డు మీద అసలు పరీక్ష లివర్‌మోర్ శివ-విష్ణు దేవాలయానికి వెళ్ళే దారిలో జరిగింది. ఫ్రీమాంట్ నుంచి 680 రహదారి మీద సునోల్ చడావు ఎక్కి, లోయలోకి దిగి వెళ్ళాలి. శాన్‌ఫ్రాన్సిస్కో బే (అఖాతం) గట్టున చల్లగా ఉన్న రోజు కూడా లివర్‌మోర్‌లో జూలై ఎండ మండిపోతుంది. ఆ ఉదయం బయల్దేరిన పావుగంటకు ఆయిలు 80 చేరింది, గంటకు 55 మైళ్ళ వేగంలో చదునైన రోడ్డు మీద 98 దగ్గర నిలిచింది. చడావు సగంలోనే 115 దాటి, పైకి వచ్చేసరికి 121 చూపించింది. పక్క సీట్లో కూర్చుని ముల్లు చదువుతున్న మా అమ్మాయి, "నాన్నా, ఇంకా పెరుగుతోంది" అనగానే మూడో గేరుకు దించి, యాక్సిలరేటరు తగ్గించాను. గేరు దించితే ఇంజిన్ వేగంగా తిరుగుతుంది, దానితో పాటు ఫ్యానూ తిరుగుతుంది, ఇంజిన్ మీద భారం తగ్గుతుంది. రెండు మైళ్ళలో ముల్లు 110కి దిగింది. తిరుగు ప్రయాణానికి సాయంత్రం చల్లబడేదాకా ఆగాం.

మళ్ళీ నీళ్ళ గిన్నె, మళ్ళీ మల్టీమీటరు. కొలత సరిగ్గానే ఉంది, అంటే ఇంజిన్ నిజంగానే ఎక్కువ వేడెక్కుతోంది. ఇగ్నిషన్ టైమింగు చూశాను, చల్లబరిచే గాలిని అదుపు చేసే థర్మోస్టాటు ఫ్లాపులు తెరుచుకుంటున్నాయి. చివరికి దొరికిన లోపం నాది. ఇంజిన్ చుట్టూ ఉండే రేకులకూ బాడీకీ మధ్య రబ్బరు సీలు ఒకటి ఉండాలి. అది పైన ఉన్న చల్లటి గాలిని, కింద ఎగ్జాస్టు దగ్గరి వేడి గాలిని వేరు చేస్తుంది. ఇంజిన్ ఎక్కించేటప్పుడు వెనక వైపు జానెడు పొడవున అది గాడిలోంచి జారి ఉంది, ఫ్యాను ఆ సందులోంచి కింది వేడి గాలినే పీల్చుకుంటోంది. సీలును సరిగ్గా కూర్చోబెట్టాక, మరో వారం అదే చడావు, దాదాపు అంతే ఎండ, అదే వేగం: పైన ముల్లు 109 దగ్గర ఆగింది. పన్నెండు డిగ్రీల తేడా. గేజి లేకపోతే ఆ జారిన సీలుతో నేను ఆ వేసవంతా తిరిగి ఉండేవాణ్ణి.

ఏడాదిలో గేజి కొలత మారలేదు. ఆరు నెలలకు ఒకసారి, ఆయిలు మార్చడానికి విప్పినప్పుడు, సెన్సర్‌ను మరిగే నీళ్ళలో పెట్టి చూస్తున్నాను, 62 ఓముల దగ్గరే ఉంది. ఇంజిన్ ఆపిన వెంటనే డిప్‌స్టిక్ గొట్టంలోంచి సన్నని వంటింటి థర్మామీటరు దించి చూస్తే గేజికీ దానికీ మూడు నాలుగు డిగ్రీల కన్నా తేడా రాలేదు. గేజి, సెన్సర్, బ్రాకెట్టు కలిపి వంద డాలర్లకు కొంచెం తక్కువ అయింది. ఇదే వ్యాను, ఇదే తరహా ఇంజిన్ ఉన్నవారికి నిస్సంకోచంగా కొనమంటాను, గేజి మీదా సెన్సర్ మీదా 150 అని ఉందో లేదో చూసి మాత్రమే. రెండు లీటర్ల పెద్ద ఇంజిన్ ఉన్న తరువాతి మోడళ్ళ అడుగు భాగం వేరు. వారు చోటును తామే కొత్తగా నిర్ణయించుకోవాలి.

ఆయిలు మార్చేటప్పుడు ఒక్క జాగ్రత్త. వైరు ఉండగానే సెన్సర్‌ను స్పానరుతో తిప్పితే వైరు మెలిపడి కొన దగ్గర తెగుతుంది, కాబట్టి ముందు వైరు ఊడదీసి, తరువాత సెన్సర్ విప్పాలి. ఈ ఇంజిన్‌లో ప్రతి 3000 మైళ్ళకు ఆయిలు మార్చడంతో పాటు జల్లెడ కూడా కడగాలి, ఎలాగూ ప్లేటు మొత్తం దిగుతుంది. తిరిగి బిగించేటప్పుడు ప్రతిసారీ కొత్త వాషరు వేసి, వైరు కొనకు రబ్బరు టోపీ తొడిగి, ఇంజిన్ ఆన్ చేసే ముందే ఎర్త్ మరొకసారి మల్టీమీటరుతో చూసుకుంటున్నాను.